టీచరుగారు చల్లిన నారుమడి

మొన్న గూడూరు దగ్గర బస్సు ఆగినప్పుడు నీళ్లు పెట్టి దున్ని దమ్ము చేసిన మడి వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. కాలవలకు నీళ్లు వదిలిన కొత్తలో, నానబెట్టి మండెకట్టిన వడ్లు తడి గోనెసంచుల్లో వెచ్చవెచ్చగా మొలకలు పొడుచుకొచ్చే రోజుల్లో, నా చిన్నప్పుడు మా ఊరు ఊరంతా అదే వాసన.

అప్పుడు నేను బందరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఒకరోజు మా ఇంగ్లీషు టీచరు సుగుణమ్మగారు, ఢిల్లీలో టెలివిజన్ వచ్చిందన్న వార్త పేపర్లోంచి చదివి వినిపించారు. టెలి అంటే దూరం, విజన్ అంటే చూపు, కలిపితే దూరదర్శనం అని బోర్డు మీద రాశారు. ఆ బొమ్మల్ని ఊరూరికీ పంపడం టెలికాస్టు అనీ, అది బ్రాడ్‌కాస్టు అనే మాటలోంచి పుట్టిందనీ, రేడియో రాకముందు ఆ మాటకు చేత్తో విత్తనం వెదజల్లడమని అర్థమనీ చెప్పి, అలా చల్లడం ఎవరైనా చూశారా అని అడిగారు.

మా నాయనమ్మ మార్తమ్మ కూలికి నారుమళ్లు చల్లేది. ఆ సంగతి క్లాసులో ఎవరికీ తెలియనివ్వలేదు నేను. అయినా ఎందుకో లేచి నిలబడి, గుప్పిట వదులుగా పట్టి, మణికట్టు తిప్పి చూపించాను. పిల్లలు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. టీచరుగారు మాత్రం నవ్వకుండా అది ఎవరి దగ్గర చూశానో అడిగి, ఆ శనివారం నాతోపాటు బస్సెక్కి మా ఊరు వచ్చేశారు.

నాయనమ్మ మొదట కంగారుపడి బల్ల తుడిచింది. తీరా చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని టీచరుగారు మడిలో దిగాక, నాయనమ్మే టీచరైపోయింది.

“విసిరికొట్టమాకండమ్మా. వేళ్ల సందుల్లోంచి జారనియ్యండి.”

సాయంత్రం గట్టు మీద మరమరాలూ బెల్లమూ తింటూ, టీచరుగారు ఆ మాట పుట్టుక, దూరదర్శనం సంగతి చెప్పారు. అంతా విని నాయనమ్మ అడిగింది.

“నేనైతే నాలుగో రోజున వెళ్లి చూసుకుంటానండీ, మడి పచ్చబడిందో లేదోనని. బొమ్మలు చల్లే ఆయనకి ఎట్టా తెలుసుద్దండీ?”

“నాకూ తెలియదండీ” అన్నారు టీచరుగారు.

మా నాయనమ్మను ఒకరు ‘అండీ’ అనగా నేను వినడం అదే మొదటిసారి.

టీచరుగారు చల్లినచోట నారు కుచ్చులు కుచ్చులుగా లేచింది. నాయనమ్మ దాన్ని సరిచెయ్యకుండా, టీచరమ్మగారి మడి అని దారిన పోయేవాళ్లకల్లా చూపించుకుంది.

నాయనమ్మ టీవీ చూడకుండానే పోయింది. ఇప్పుడు మా ఊళ్లో ట్రేలలో పెంచిన నారును మిషను నాటుతోంది. తెర మీద ‘ప్రత్యక్ష ప్రసారం’ అని పడినప్పుడు మా మనవలకు ఈ కథంతా చెబుతాను. చల్లడం నేర్పమంటారు వాళ్లు. నాకు ఆ మాట వచ్చు గానీ ఆ పని రాదు. ఆ రోజు మడిలోకి దిగి నేర్చుకున్నది టీచరుగారే. నేను గట్టు మీదే నిలబడ్డాను.