మాల వేసిన మూడో రోజు

మా ఇంటాయన చెయ్యి వణకని కాలం నాకు బాగా గుర్తు. రంగు అంటకూడని చోట పట్టుపోగులకు ట్యూబు రబ్బరుతో కట్టు కడితే చుక్క రంగు లోపలికి దిగేది కాదు. తాగుడు ముదిరాక, పొద్దున్నే గొంతులో చుక్క పడితే తప్ప అదే చెయ్యి మగ్గం మీద పోగును అటూ ఇటూ దాటించే నాడె పట్టలేకపోయింది. నా కడుపు మండిపోయేది. తిట్టాను, ఏడ్చాను, ఒకసారి సీసాను మగ్గం గుంటలోనే పగలగొట్టాను. ఆ గాజు పెంకులూ మళ్లీ నేనే ఏరుకున్నాను.

"ఆంజనేయస్వామి మాల వెయ్యిస్తే మానుతడే," అంది మా అత్తమ్మ. మా ఊళ్లో తాగుబోతులందరికీ అదే మందు. మాలలో ఉన్నన్నాళ్లు ముట్టరు, తీసిన సాయంత్రమే బెల్టుషాపు ముందు తేలతారు. అయినా ఆశ చావదు కదా! ఆయన మెడలో మాల పడగానే, నిన్నటిదాకా తిట్టిన నోటితోనే "స్వామీ, బువ్వకు రాండ్రి" అని పిలిచాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన ఒళ్లంతా వణకడం మొదలైంది. ఒకటే చెమటలు. పడుగు మీద కోతులు ఎక్కి పోగులు తెంపుతున్నాయని కేకలు.

"అమ్మో, స్వామి పూనిండు!" అంది అత్తమ్మ.

వాడకట్టంతా వచ్చింది. కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చారు. ఒకావిడైతే తన బిడ్డకు సంబంధం ఎప్పుడు కుదురుతుందో చెప్పమని ఆయన్నే అడిగింది! నేనూ కాళ్లకు మొక్కాను. ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ గోలకు వచ్చిన ఆశా వర్కర్ ఆయన్ని చూసి నా మీద ఇంతెత్తున లేచింది. "గిది పూనకం కాదక్కా! రోజూ తాగేటోడు ఒక్కసారే బంద్ పెడితే గిట్లనే అయితది. ఫిట్స్ వస్తే పాణం పోతది. ముందుగాల ఆటో పిలువు!"

"మాలలున్న మనిషిని దవాఖానకు తోలుకపోతరా?" అని అత్తమ్మ అడ్డం వచ్చింది.

"మాల మెడలనే ఉంటది అత్తమ్మా. ముందు మనిషి ఉండాలె గద!" అని నేనే ఆయన్ని రెక్క పట్టి లేపాను.

నల్లగొండ దవాఖానలో నాలుగు రోజులకు ఆయన నన్ను గుర్తుపట్టాడు. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, "ఇది మొండితనం కాదమ్మా, జబ్బు. మానడానికి కూడా మందులున్నాయి. ఇద్దరూ వచ్చి మాతో మాట్లాడుతూ ఉండాలి," అంది. మొండితనం కాదన్న ఆ ఒక్క మాటకు అక్కడే భోరుమన్నాను. నెలనెలా వెళ్లాం. మధ్యలో ఒక పెళ్లి దావత్‌లో మళ్లీ తాగాడు. నేను నోరు తెరిచేలోపే, "రేపు దవాఖానకు పోదాం పా," అన్నాడు. సిద్ధం చేసుకున్న తిట్లన్నీ మింగాను. ఎంత కష్టమో!

మళ్లీ మాలల కాలం వచ్చింది. వెనక వాడలో ఇంకో నేతగాడు, అదే మూడో రోజు, అదే వణుకు. జనం హారతి వెలిగించారని వినగానే మా ఆయన నాడె వదిలేసి గుంటలోంచి లేచి ఉరికాడు. వెనకాలే నేను. హారతి పళ్లెం పక్కకు జరిపి ఆ మనిషి చేతులు రెండూ పట్టుకున్నాడు.

"భయపడకు తమ్మీ. నాకు గూడ కోతులు కనవడ్డయ్. డాక్టరమ్మ ఎల్లగొట్టింది. పా, నేను తోలుకపోత."

ఆటోలో వాళ్లకు ఎదురుగా కూర్చున్నాను. దవాఖాన వచ్చేదాకా వణికే ఆ చేతుల్ని ఆయన వదల్లేదు. దారి పొడుగునా నేను అటే చూశాను. నా మొగుడి చేతులు ఒక్కసారి కూడా వణకలేదు.