గంప దించే ముందు చెప్పవలసిన మాట

పోయిన నెల మొదటి శనివారం: కందిపప్పు. అంతకు ముందు వారం కంటే కిలోకు పద్దెనిమిది రూపాయలు ఎక్కువ. దుకాణపు అరకు అంటించిన చీటీ మీద పాత ధర, చేతికిచ్చిన బిల్లులో కొత్త ధర.

రెండవ శనివారం: వేరుశనగ నూనె. ధరలో మార్పు లేదు, ప్యాకెట్టు ఎత్తులోనూ మార్పు లేదు. లోపలి నూనె మాత్రం తగ్గింది. ఆ సంగతి అడుగు మడతలో, నా కళ్లద్దాలకు కూడా అందనంత చిన్న అక్షరాల్లో అచ్చువేశారు.

మూడవ శనివారం: మళ్లీ కందిపప్పు, మళ్లీ పైకే. దానితోపాటు చింతపండు, ఎండుమిరప. అడిగితే సమాధానం లేదు.

నాలుగవ శనివారం: ఇదే ప్రశ్న అడిగినందుకు మా అక్క చేతిలోని బుట్ట లాక్కుని, రెక్క పట్టుకుని ఆమెను బయటికి పంపారు.

ఉద్యోగ జీవితమంతా తాలూకా కచేరీలో దస్త్రాలు రాసినవాణ్ణి కనుక, ఏ సంగతినైనా వరుసగా పేర్చుకుంటే తప్ప నాకు మాట సాగదు. పై నాలుగింటిలో మొదటి మూడూ మీ ఇళ్లలోనూ జరుగుతున్నవే, మీరూ నాలాగే పళ్లు కొరుకుతూ సంచి ఎత్తుకుని ఇంటికి వస్తున్నవారే. నాలుగవది మాత్రం నాకు మింగుడు పడటం లేదు. ఈ వ్రాత దాని గురించే.

నేనూ మా అక్కా కోట అనే ఊళ్లో ఉంటాము. నా భార్య పోయిన తరువాత, అప్పటికే ఒంటరిగా ఉన్న అక్క నా దగ్గరికి వచ్చేసింది. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. నేను బడికి పోయిన వయసులో ఆమె నెత్తిన గంప పెట్టుకుని, సముద్రపు ఒడ్డున ఉన్న మా పల్లె నుంచి చిట్టమూరు వైపు ఊళ్లకు చేపలు మోసింది. మోకాళ్లు మొరాయించేదాకా అదే పని. ఇప్పుడు ప్రతి శనివారం ఇద్దరమూ ఆటో మాట్లాడుకుని, బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన పెద్ద దుకాణానికి పోయి వారానికి సరిపడా సరుకులు తెచ్చుకుంటాము. ఆ దుకాణం పేరు ఇక్కడ రాయను. మా వీధిలోని పాత అంగళ్లలో ఒకటి మూతపడింది. రెండవదాని యజమాని కూడా ఆ దుకాణంలోనే కొనుక్కొచ్చి, పైన ఇంకో రెండు రూపాయలు వేసి అమ్ముకుంటున్నాడు. అందువల్ల మాకు వేరే దారి లేదు.

ఆ శనివారం అక్క పప్పు ప్యాకెట్టును బిల్లు కొట్టే బల్ల మీద పెట్టకుండా చేతిలోనే ఉంచుకుని, అక్కడి అమ్మాయిని అడిగింది. నేను బియ్యపు సంచి ఉన్న బండిని తోసుకుంటూ నలుగురి వెనక ఉన్నాను.

“పోయిన వారానికీ ఈ వారానికీ ఇది ఎందుకు పెరిగింది తల్లీ?”

“సిస్టంలో అంతే చూపిస్తా ఉండాది అవ్వా.”

“చూపిచ్చేది సరే. అందులో ఎక్కిచ్చింది ఎవురో ఆయన్ని పిలువు. ఆయన్నే అడుగుతా.”

వరుసలో నవ్వులు. అవ్వకి లెక్క అప్పజెప్పాలంట అని ఎవరో అన్నారు. అంతలో మెడలో పట్టీ వేలాడదీసుకున్న మేనేజరు వచ్చి, కావాలంటే తీసుకోండి, వద్దంటే పక్కన పెట్టండి, వెనక జనం ఉన్నారన్నాడు. అక్క గొంతు పెంచలేదు.

“కొనేదానికే వచ్చినా నాయనా. తగ్గించమని నేను అడగలా. ఎందుకు పెరిగిందో ఆ మాట చెప్పు, డబ్బులిచ్చి పోతా.”

అతడు కాపలావాడికి సైగ చేశాడు. కాపలావాడు ఆమె చేతిలోని బుట్ట తీసి కింద పెట్టి, రెక్క పట్టుకుని అద్దాల తలుపు దాకా నడిపించాడు. నేను జనాన్ని నెట్టుకుని వెళ్లేసరికి అక్క ఎండలో మెట్ల మీద నిలబడి ఉంది. ఆ వరుసలో ఆమె చేతి చేపలు తిని పెరిగినవారు కూడా ఉన్నారు.

అంతటితో పోయిందనుకున్నాను. ఆ వారం నుంచి అక్క ఎప్పటిలాగే వండుతోంది, ఎప్పటిలాగే నాకు వడ్డిస్తోంది. తన కంచంలోకి మాత్రం పప్పు రాదు, తాలింపు వేసిన కూర రాదు, చారు రాదు. కారణం చెప్పకుండా పెరిగినది ఏదీ తనకు వద్దట. గంజీ ఉప్పూ, మజ్జిగ పోసుకున్న అన్నం, అంతే. నెమ్ము జ్వరం వచ్చి తగ్గిన మనిషి, రక్తం బాగా తక్కువగా ఉంది, పూటపూటకూ పప్పు తినాలి అని నెల్లూరు డాక్టరు నాకు వేలు చూపించి మరీ చెప్పాడు. ఇప్పుడు పీట మీద నుంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటోంది. నేను బతిమాలాను, కోప్పడ్డాను. చివరికి, నువ్వు అలిగితే వాళ్లకేం నష్టం అక్కా అన్నాను.

“అలగడం ఏంది అబ్బయ్యా. నేను గంప మీద చెయ్యి వెయ్యలా. అంతే.”

ఈ మాట ఇప్పటివారికి అర్థం కాదు. నా ఈడువారిలో కూడా సముద్రం దగ్గర పుట్టినవారికే తెలిసి ఉంటుంది. అందుకే కొంచెం వెనక్కి పోతున్నాను.

మా చిన్నతనంలో పల్లెలోని ఆడవాళ్లు పడవల దగ్గర చేపలు ఎత్తుకుని, ఇసుకదారి దాటి, మొలలోతు కాలువ దాటి, వరిమళ్ల ఊళ్లకు నడిచి వెళ్లేవారు. ఒక్కొక్కరికి వాడుక ఇళ్లు ఉండేవి. ఒకరి వాడుక ఇంటికి మరొకరు పోయేవారు కాదు. కోతల కాలంలో ఆ ఇళ్లవారు చేపలకు వడ్లు కొలిచేవారు, మిగిలిన రోజుల్లో డబ్బో, పప్పో, చింతపండో ఇచ్చేవారు. ఏ చేపకు ఎంత అన్నది రెండు వైపులా తెలిసినదే కనుక రోజూ బేరం ఉండేది కాదు. బడి లేని రోజుల్లో అమ్మ వెనక అక్క, అక్క వెనక నేను, చేపల నీళ్లు కారిన చోటల్లా మా వెనక పిల్లులు.

నిండు గంపను నెత్తి మీద నుంచి ఒక్కరే దించలేరు. దించబోతే సరుకంతా నేలపాలవుతుంది. ఎదుటి మనిషి వచ్చి ఒక పక్కన చెయ్యి వెయ్యాలి. మా వైపు ఆ చెయ్యే ఒప్పందం. ధర మామూలుదైతే ఇంటి ఇల్లాలు మారు మాట్లాడకుండా వచ్చి చెయ్యి వేసేది. ధర పెరిగిన రోజున మాత్రం, గంప నెత్తి మీద ఉండగానే, ఎంత పెరిగిందో, ఎందుకు పెరిగిందో అమ్మే మనిషి చెప్పాలి. విన్నవారికి ఆ కారణం సబబుగా తోస్తే చెయ్యి వేస్తారు. తోచకపోతే వెయ్యరు. బరువు మోస్తూ నిలబడిన మనిషికి అబద్ధాన్ని పొడిగించే ఓపిక ఉండదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో గాని, మనిషి మెడను ఎరిగినవారు.

ఒక ఎండాకాలం జరిగినది చెబుతాను. చిట్టమూరు దారిలో మా వాడుక ఇళ్లలో మొదటిది ఒక పెద్దావిడది. మేము అవ్వ అని పిలిచేవాళ్లం. ఆ రోజు అమ్మ గంపనిండా కానాగంత చేపలు. ధర కాస్త పెంచి చెప్పి, సముద్రం పొంగు మీద ఉంది, మూడు రోజులుగా పడవలు దిగలేదు అంది. అవ్వ అరుగు దిగి వచ్చి, మునివేళ్ల మీద నిలబడి, గంపలోంచి ఒక చేపను తోక పట్టి లాగి, మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉంది. చేప కన్ను ఇంకా మెరుస్తోంది.

“పడవలు దిగకపోతే ఇవన్నీ ఒడ్డెక్కి నడిచొచ్చినాయంటనే?”

అవ్వ చెయ్యి వెయ్యలేదు. ఎండలో కాళ్లు మార్చుకుంటూ అమ్మ అలాగే నిలబడి ఉంది, చేపల నీళ్లు చెంప మీదుగా కారి రవికను తడుపుతున్నాయి. అక్క గంప పట్టుకోబోతే అవ్వ కంటితోనే వారించింది. చివరికి అమ్మ నేల చూపులు చూస్తూ అసలు సంగతి చెప్పింది. ముందు రోజు కాలువ దాటుతుంటే కాలు జారి గంప పోటునీటిలో పడింది. ఒక్క చేప దక్కలేదు. ఆ పోయినదాన్ని ఈ చేపల మీద వేసుకుంటోంది. గంప జారవిడిచిన మనిషి అని పేరు పడటం మా పల్లె ఆడవాళ్లకు తలవంపు. అందుకని అమ్మ నేరాన్ని సముద్రం మీదికి నెట్టింది.

అవ్వ వచ్చి గంపకు చెయ్యి వేసింది.

“ఆ మాట ముందే చెప్పుంటే నీ మెడ బతికిపోయేది గదే. సముద్రం మీద వెయ్యబాకు. అది ఈడికొచ్చి కాదని చెప్పలేదు పాపం.”

అడిగిన ధరే ఇచ్చింది. వీధిలోని మిగతా ఇళ్లకు కూడా తానే కబురు చేసింది, ఈమె గంప కాలువలో పోయింది, రెండు రోజులు ధర ఎక్కువ పడుతుంది అని. మూడవనాడు మేము పోయేసరికి అవ్వ గుమ్మంలోనే నిలబడి, పోయింది తీరిందా అని అడిగింది. తీరింది అంది అమ్మ. గంప దిగింది, పాత ధరకే.

ఇన్నేళ్ల తరువాత కూడా నాకు ఆ మూడవనాటి సంగతే ఎక్కువ గుర్తు. కారణం చెప్పి ఎక్కిన ధర, కారణం తీరగానే తనంతట తానే దిగింది. అసలు కారణమే చెప్పకుండా ఎక్కిన ధర ఎప్పుడు దిగాలో ఎవరికి తెలుస్తుంది, ఎవరు గుమ్మంలో నిలబడి అడుగుతారు? అందుకే ఈనాటి ధరలకు ఎక్కడమే గాని దిగడం రాదు.

అమ్మ తరువాత ఆ ఇళ్లు అక్కకు వచ్చాయి, వాటితోపాటు ఆ పద్ధతీ వచ్చింది. ఆ రోజు అమ్మ మెడ చూసిన పిల్ల గనుక అక్క ఏనాడూ సముద్రం మీద వెయ్యలేదు. ఒక వానాకాలం మోకాలు పట్టేసి ఆటో ఎక్కిందట, ఆ కిరాయి చేపల మీద వేశానని గుమ్మం గుమ్మాన చెప్పి అమ్మిందట. ఇల్లాళ్లు నవ్వుకుంటూనే చెయ్యి వేశారట. ఆ తరువాత ఆ వరిమళ్లు ఒక్కొక్కటే రొయ్యల గుంటలయ్యాయి. వడ్లు కొలిచిన చేతులు కొన్ని గుంటల దగ్గర కూలికి పోయాయి, కొన్ని నెల్లూరుకు పోయాయి. మా నేలలో పెరిగిన రొయ్య ఎక్కడికి పోతుందో మాకు తెలియదు, మా కంచంలోని బియ్యం ఎక్కడినుంచి వస్తాయో అదీ తెలియదు. మధ్యలో ధర నిర్ణయించే మనిషి ముఖం మాత్రం ఎవరూ చూడలేదు.

మా పక్కింటి పంతులుగారు నాకు నచ్చజెప్పబోయారు. పప్పు దేశమంతా పెరిగింది, ఈ దుకాణం వాళ్లను అని ఏం లాభం అన్నారు. కావచ్చు. నేను కాదనను. అదే మాట అక్కతో వాళ్లు అని ఉంటే ఆమె డబ్బు కట్టి ఇంటికి వచ్చి పప్పు వండుకుని తినేది. పోనీ పంతులుగారి మాటే కారణంగా తీసుకో అని అక్కతో అన్నాను. ఆయన అమ్మినాడా నాకు, అమ్మినోడు చెప్పాలి గాని అంది.

దుకాణానికి అర్జీ రాసుకుని పోయాను. ఇక్కడ ఇలాంటివి తీసుకోము అన్నారు. బిల్లు అడుగున ఉన్న నంబరుకు ఫోను చేశాను. మీ కాల్ మాకు ముఖ్యం అని ఒక అమ్మాయి గొంతు చెప్పి, పాట పెట్టింది. ఆ పాట మధ్యలోనే ఆగిపోయింది. మళ్లీ చేస్తే మళ్లీ అదే గొంతు, అదే పాట. నా ఉద్యోగంలో చదువు రాని రైతు వేలిముద్ర వేసిన కాగితానికి కూడా జవాబు రాయకుండా పక్కన పెట్టే ధైర్యం మాకు ఉండేది కాదు. నూరు రూపాయల సరుకు కొన్న మనిషికి ఒక్క మాట బాకీ ఉన్నామని ఈ రోజుల్లో ఎవరికీ తోచకపోవడం చూస్తే, ధరలు పెరిగినందుకు కాదు, ఆ ప్రశ్న అడిగిన ముసలిదాన్ని చూసి జనం నవ్వినందుకు నాకు కడుపు మండుతోంది. అడగవచ్చునన్న సంగతే మనం మరిచిపోయాము. మా అక్క ఒక్కతే మరవలేదు, దానికి శిక్షగా మెట్ల మీద నిలబడింది.

కాబట్టి, నా ఈడువారైన ఈ పత్రిక పాఠకులందరి ఎదుట, సదరు దుకాణం యాజమాన్యం వారిని ఈ వ్రాతమూలకంగా కోరుతున్నాను. ధర తగ్గించమని కాదు. కందిపప్పు, నూనె, చింతపండు, ఎండుమిరప ఎందుకు పెరిగాయో, ఆ కారణం ఎప్పటికి తీరుతుందో, కొనడానికి వచ్చిన మనిషి చేతిలోని బుట్టను ఏ నియమం కింద తీసుకున్నారో, సంతకమూ తేదీ వేసి, పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకంగా నాకు తెలియజేయవలెను. కారణం ఏదైనా ఫరవాలేదు. పంట పోయిందని రాయండి. లారీ కిరాయి పెరిగిందని రాయండి. ఆ చల్లగాలి యంత్రాలకు కరెంటు బిల్లు కట్టలేకపోతున్నామని రాయండి. మీ గంపే ఎక్కడో కాలువలో జారిపోయిందని రాయండి. సిస్టం మీద మాత్రం వెయ్యవద్దు. అది ఇక్కడికి వచ్చి కాదని చెప్పలేదు.

మా అక్కకు చదువు రాదు. మీ జవాబు నేను చదివి వినిపిస్తాను. నిజమో కాదో ఆమెకు వినగానే తెలుస్తుంది. నిజమైతే ఆ పూట పప్పు వడ్డించుకుంటుంది.