ఒక్క స్క్రూ తాకితే పలికిన బాతు

దయ్యాలు చూశామని చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఏ చుట్టమైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. మెట్టుగూడలో మా ఇంట్లో రెండుపూటలా కుటుంబ ప్రార్థన ఉంటుంది గానీ, దయ్యాల మాటొస్తే స్కూల్లో సైన్స్ చెప్పి రిటైరైన మా అమ్మే ముందు నవ్వేది. ఇది ఎవర్నో నమ్మించాలని రాయడం లేదు. లోపల పెట్టుకోలేక రాస్తున్నాను.

నేనూ మా చెల్లెలు బ్యూలా కలిసి డీజే సెట్లు చేసేవాళ్ళం. పెళ్ళి బరాతుల డీజే కాదు. పిల్లల బ్యాటరీ బొమ్మలు పాతవి కొని, విప్పి, లోపలి సర్క్యూట్‌కి అడ్డదిడ్డంగా వైర్లు అతికిస్తే అవి నత్తినత్తిగా, వింతగా అరుస్తాయి. ఆ అరుపుల్ని మిక్సర్‌లోకి పంపి, కింద బీట్ వేసి వాయించేవాళ్ళం. "పాపం, వాటినెందుకే అలా హింసిస్తారు" అని అమ్మ బ్యూలాని తిట్టేది.

ఆ బొమ్మల్లో ఒకటి ఏబీసీడీలు చెప్పే పసుపు బాతు. దాని రెండు రెక్కలకీ చెరొక ఇత్తడి స్క్రూ బిగించాం. రెండిటినీ ఒకేసారి తాకితే మన ఒంట్లోంచి ఏ కొంచెమో కరెంటు పోయి బాతు గొంతెత్తుతుంది. ఒక్కదాన్నే తాకితే కిక్కురుమనదు. పొడి చేతులకి బొంగురుగా, తడి చేతులకి సన్నగా పలుకుతుంది.

మా సెట్ ఎప్పుడూ దానితోనే ముగిసేది. ఎడమ స్క్రూ మీద నా వేలు, కుడి స్క్రూ మీద బ్యూలా వేలు. మిగిలిన చేతులు కలిపామా, బాతు లేస్తుంది. వదిలామా, ఆగిపోతుంది. బ్యూలాకి చిన్నప్పటి నుంచీ అరచేతుల్లో చెమట. పరీక్షలు కూడా కర్చీఫ్ పట్టుకునే రాసేది. అందుకే మా ఇద్దరి స్వరం సన్నగా, వణుకుతూ వచ్చేది. ఇంకెవరి చెయ్యి పట్టుకున్నా నాకు ఆ స్వరం రాలేదు.

బ్యూలా డెంగ్యూతో పోయింది. ఐసీయూలోకి ఒకసారికి ఒక్కరినే పంపారు. ముందు నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఎప్పుడూ తడిగా ఉండే చెయ్యి, పొడిగా, ఎవరిదోలా ఉంది. నేను బయటికొచ్చాక అమ్మ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళబోతుంటే తలుపు వేసేశారు. మళ్ళీ తెరిచేసరికి అంతా అయిపోయింది. "ఒక్కసారి దాని చెయ్యి పట్టుకోనిస్తే ఏం పోయేదిరా" అని అమ్మ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. ఎవరిని అడుగుతుందో తెలియదు.

ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక కేఫ్ మేడ మీద సెట్ చేస్తామని అంతకుముందే ఒప్పుకుని ఉన్నాం. మానేద్దామనుకుంటే, "అది ఒప్పుకున్న పని, చేసి రా" అంది అమ్మ.

శనివారం సాయంత్రం. ఎండ ఇంకా పోలేదు. చివర్లో బాతు దగ్గరికొచ్చాను. ఒక్కణ్ణే కాబట్టి రెండు స్క్రూలూ నేనే తాకాలనుకున్నాను. కానీ అలవాటుకొద్దీ ఎడమ స్క్రూ మీద వేలు పెట్టి, కుడి చెయ్యి పక్కకి చాచేశాను.

బాతు పలికింది. సన్నగా, వణుకుతూ.

నా చేతికి ఏమీ తగల్లేదు. చల్లగా అనిపించలేదు, వెచ్చగా అనిపించలేదు. లేనిది చెప్పను. కానీ ఆ స్వరం మాదే. చెయ్యి అలాగే ఉంచాను. కాసేపటికి స్వరం మెల్లగా దిగడం మొదలైంది. బొంగురుపోయింది, ఇంకా బొంగురుపోయింది, పట్టుకున్న చేతిలో తడి ఆరిపోతున్నట్టు. తర్వాత ఆగిపోయింది. దేవుడా, నా చెల్లెలు నాకు రెండోసారి పోయింది.

సౌండ్ చూసే రమేష్ పరుగెత్తుకొచ్చాడు. "ఏందన్నా, గట్ల చెయ్యి చాపి నిలబడ్డవ్? జెర కూసో" అన్నాడు. అప్పటిదాకా ఏడుస్తున్నానని నాకు తెలియలేదు.

రమేష్ ఫోన్‌లో తీసిన వీడియో చూశాను. స్క్రూ మీద నా ఎడమ వేలు ఒక్కటే ఉంది. కుడి చెయ్యి గాల్లో ఉంది. టేబుల్ తడిగా ఉందేమో, మిక్సర్ ఎర్త్ నుంచి కరెంటు వచ్చిందేమో అన్నాడు రమేష్. అదే మేడ మీద, అదే మిక్సర్‌తో, నీళ్ళు చల్లి మరీ చూశాం. గుర్రుమంది గానీ ఆ స్వరం రాలేదు. ఇంట్లో ఒక్క స్క్రూనే ఎన్నిసార్లు తాకానో లెక్క లేదు. కిక్కురుమనలేదు.

అమ్మకి చెప్పకూడదనుకున్నాను. నేను ఆ వీడియోనే మళ్ళీమళ్ళీ చూస్తుంటే ఆవిడే అడిగింది. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం ప్రార్థనయ్యాక అమ్మ బాతు ముందు కూర్చుంటుంది. ఒక స్క్రూ మీద వేలు పెట్టి, రెండో చెయ్యి పక్కకి చాచి, కళ్ళు మూసుకుంటుంది. చెయ్యి నొప్పెట్టి వణికేదాకా అలాగే ఉంటుంది. వద్దనలేను. చూడలేను. ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు, ఎవరైనా విడమరిచి చెప్పినా నమ్ముతానో లేదో తెలియదు. అసలు జరక్కపోయినా బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.

మొన్న ఉండబట్టలేక పక్కన కూర్చుని, రెండో స్క్రూ తాకి, ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. బాతు బొంగురుగా మూలిగింది. అమ్మ కళ్ళు తెరవలేదు.

"నువ్వు చెయ్యి తియ్యి నాన్నా," అంది. "అది వస్తే చోటుండాలిగా."

తీసేశాను.