ఏదుపందిని దించే ముందు

మే నెల పద్దెనిమిది, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం పోయే బస్సు శిడ్లఘట్ట స్టాండులో ఆగి ఉంది. పక్కన నా కొడుకు కూతురు, పదకొండేళ్ళది, పోటీకి తీసుకుపోతున్న జంతువుల ఆట కార్డుల కట్టలోంచి ఏదుపంది కార్డు తీసి చూపించి, "అవ్వా, ఇది నాది కాదు. అక్కది" అంది. నా భయం ఆ నిమిషాన మొదలైంది.

అక్క అంటే బాగేపల్లిలో ఉండే నా కూతురి కూతురు. తన కార్డులన్నీ ఒక రేకు పెట్టెలో పెట్టుకుంటుంది. ఏ కార్డు ఏ తేదీన వచ్చిందో కాగితం మీద రాసి మూత లోపల అంటించింది. ఆ అలవాటు నా దగ్గర నేర్చుకున్నదే. పెట్టెకు తాళం వేయదు. వారం కిందట సెలవులకు పోయినప్పుడు చిన్నది అడగకుండా తీసుకొచ్చింది.

"అడిగింటే ఇచ్చేది కదే?"

"ఇయ్యదవ్వా. దాని కాడ ఉండేది ఒగటే. ఆటయిపోతానే బాగేపల్లికి పోయి పెట్టేస్తాం గదా."

"ఓడిపోతే?"

అది కిటికీ వైపు తిరిగింది. చిక్కబళ్ళాపురంలో ఒక పుస్తకాల అంగడి మిద్దె మీద జరిగే పోటీ అది. ఇంటి పెద్ద ఒకరు, పిల్ల ఒకరు జట్టుగా ఆడాలి. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ కట్టలోంచి తమకిష్టమైన కార్డు ఒకటి తీసుకుంటారు.

"దిగు, ఎనక్కి పోదాం" అన్నాను.

"పేర్లు రాపిచ్చినాం గదవ్వా. నాలుగు నెల్లు నేర్చుకునింది దేనికి?"

దిగలేదు. నాకూ ఆడాలని ఉండింది. అది రాయకపోతే లెక్క తప్పు.

ఏదుపంది సంగతి చెప్పాలి. జట్టుకు ఇరవై ప్రాణాలు. మిగతా జంతువులు ఎదుటివాళ్ళనే కొడతాయి. ఏదుపంది బల్ల మీదికి వస్తే రెండు జట్ల చేతుల్లో ఉన్న కార్డులన్నీ పారేయాలి. పారేసిన ప్రతి కార్డుకూ ఆ జట్టుకు రెండు ప్రాణాలు పోతాయి. రెండు జట్లకూ ఒకేసారి ప్రాణాలు అయిపోతే దాన్ని దించిన జట్టే ఓడినట్టు. అందుకని దాన్ని తొందరపడి దించకూడదు. ఎదుటివాళ్ళు కార్డులు కూడబెట్టుకునేదాకా ఆగాలి. వంతుకు రెండు కార్డులు దించవచ్చు కాబట్టి, చేతిలో ఉన్నది ఎంత పనికిరానిదైనా ముందు అది దించి, చేయి ఖాళీ చేసుకుని, ఆఖరున ఏదుపంది. అప్పుడు వాళ్ళకే నష్టం.

ఇదంతా నాకు మనుమరాలు నేర్పింది. చేయి మాత్రం నేర్చుకోలేదు. మాది చిల్లర అంగడి. నేను కాపురానికి వచ్చిన రోజే మా అత్త చెప్పింది, డబ్బా అడుగు గీకరాదని. పిడికెడైనా ఉంచి, దాని మీదనే కొత్త సరుకు పోయాలి. బియ్యం అయిపోయాయని కూడా అనం, నిండుకున్నాయంటాం. నలభై ఆరేళ్ళు అట్లాగే చేశాను. ఆటలోనూ ఆఖరి కార్డు దించాలంటే వేళ్ళు బిగుసుకునేవి. "అవ్వా, ఇది అంగడి కాదు!" అని చిన్నది రోజూ అరిచేది.

మొదటి ఆట గెలిచాం. రెండోది పన్నెండు గంటల నలభై నిమిషాలకు మొదలైంది. ఎదురుగా కాలేజీ చదివే అమ్మాయి, వాళ్ళ నాయన.

"చింతామణి అంగడోళ్ళంటనే! తూకంలో మోసమేం లేదు గదమ్మా?" అన్నాడు ఆయన.

"మీరే తూచుకోండప్పా" అన్నాను.

చివరికి మాకు రెండు ప్రాణాలు, వాళ్ళకు ఆరు. వాళ్ళ చేతిలో మూడు కార్డులు. మా జట్టుకు మిగిలినవి నా చేతిలో ఉన్న కుందేలు, ఏదుపంది. మూడు రెళ్ళు ఆరు. కుందేలును దించి, ఏదుపందిని దించితే ఆట మాది. వంతు నాది, జోడీ మాట్లాడరాదు. బల్ల కింద చిన్నదాని కాలు నా కాలు మీద ఉంది. నాకు రేకు పెట్టె మూత, అందులో తేదీల కాగితం కళ్ళ ముందుకొచ్చాయి. ఏదుపందిని దించేశాను.

కుందేలు ఎడమ చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళ ఆరుతో పాటు మా రెండు ప్రాణాలూ పోయాయి, దించింది మేమే.

"మీ చేతిలో ఒగటుండాది గదమ్మా" అన్నాడాయన. ఈసారి ఎగతాళి లేదు.

ఆయన కూతురు ఏదుపందినే ఎత్తుకుంది.

"ఇంకోటి ఏదైనా తీసుకో తల్లీ. అది మాది కాదు."

"మీది కాకుంటే ఎట్ల తెచ్చినారమ్మా?" అంది.

బాగేపల్లి బస్సులో ఎండకు రేకులు కాలుతున్నాయి. నేనే తీశానని చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. మూడు గంటల ఇరవై ఐదు నిమిషాలకు గడప దాటానో లేదో, చిన్నది నాకంటే ముందే అనేసింది.

"అక్కా, ఏదుపందిని నేనే తీసినా. పోయింది."

పెద్దది పెట్టె తెచ్చి మూత తీసింది. కాగితంలో ఏదుపంది వరుస కొట్టేసి పక్కన ఆనాటి తేదీ వేసింది.

"ఎట్ల పోయింది?"

"అవ్వ కుందేల్ని పెట్టుకునింది."

పెద్దది నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "మంచినీళ్ళు తాగవ్వా" అని లోపలికి పోయింది. జూన్ ఒకటిన నేను మళ్ళీ పోయేసరికి పెట్టెకు తాళం ఉంది.

కుందేలు నా దగ్గరే ఉంది. పోయినవి: ఏదుపంది, ఒకటి. తాళం లేని పెట్టె, ఒకటి. అక్క మళ్ళీ పిలవలేదు కాబట్టి చిన్నది ఆ ఇంట్లో గడపాల్సిన సెలవులు, వేసవిలో మిగిలిన పది రోజులు, దసరావి మొత్తం.