మెడనరం మీద ముడి

నౌపడ స్టేషన్ నుంచి టెక్కలికి జట్కా తోలి బతికినవాణ్ణి. నా ముసలి గుర్రం చచ్చిపోయి బండి మూలపడినప్పుడు, మా అప్ప మొగుడు కంచిలి నుంచి ఒక ఎర్ర ఆడగుర్రాన్ని నడిపించుకొచ్చాడు. నూనె రాసినట్టు మెరుస్తోంది దాని ఒళ్ళు.

"ఎవులడిగినా ఇవ్వలేదు బామ్మర్దీ, నీ కోసరమే ఉంచాను" అన్నాడు. బదులుగా నా ఎడ్లజత తోలుకుపోయాడు.

వానలు పడి జోరీగలు ముసిరే రోజుల్లో గుర్రానికి జ్వరం తగిలింది. రెండు రోజులు ఒళ్ళు కాలిపోయేది. తర్వాత ఏమీ ఎరగనట్టు గడ్డి తినేది. వారం తిరక్కుండా మళ్ళీ జ్వరం. ఎంత తిన్నా డొక్కలు పీక్కుపోయాయి. కాళ్ళలోకీ పొట్ట కిందకీ నీరు దిగింది.

టెక్కలి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు చెవి అంచున గుచ్చి, రక్తపుబొట్టు గాజుపలక మీద పట్టి మైక్రోస్కోపులో చూశారు. ఏమీ లేదన్నారు. జ్వరం ఉన్న రోజున రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళినప్పుడు నన్నూ చూడమన్నారు. గుండ్రటి రక్తకణాల మధ్య సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ, కణాల్ని అటూ ఇటూ నెట్టేస్తున్నాయి.

తర్వాత మెడ దగ్గర కొంచెం రక్తం తీసి, గడ్డకట్టకుండా ఏదో కలిపి గాజుగొట్టంలో నిలబెట్టారు. కాసేపటికి ఎరుపు అడుగుకి దిగింది. పైనంతా పలచటి నీరు.

"ఆరోగ్యంగా ఉంటే ఎరుపు ఇంతవరకూ ఉండాలి" అని గొట్టం మీద వేలుపెట్టి చూపించారు. "ఇది సర్రా జబ్బు. జోరీగలు ఒకదాన్ని కుట్టి ఇంకోదాన్ని కుడితే అంటుకుంటుంది."

సూదిమందు వేద్దామని మెడనరం తడిమి ఆగిపోయారు. "దీనికి ముందెవరు మందు వేయించారు?"

"ఎవులూ లేదు బాబూ."

నా వేలు పట్టుకుని వెంట్రుకల కింద పెట్టారు. చింతపిక్కంత ముడి తగిలింది.

"ఈ మందు నరంలోకే పోవాలి. ఒక్క చుక్క బయటపడినా కండ ఇలా గట్టిపడిపోతుంది. రోగం తిరగబెట్టిందంటే వేయించడం మధ్యలో మానేసి ఉంటారు. నీకిచ్చినప్పుడు బాగా మెరిసిందా?"

"మెరిసింది."

"పాషాణం కొద్దికొద్దిగా మేపుంటారు. వెంట్రుక నిగనిగలాడుతుంది. కొన్నాళ్ళు రోగమూ కనబడదు."

మర్నాడే రైలెక్కి కంచిలి వెళ్ళాను. బావ పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు.

"ఎరిగే ఇచ్చావా బావా?"

తల ఎత్తలేదు. "బరంపురంలో సూదేయించాను. తగ్గిపోనాదనుకున్నాను. నాకేటి తెలుసు?"

"మరి పాషాణం?"

అతను ఇంకో కాయ అందుకున్నాడు. గుమ్మంలోంచి మా అప్ప అంది: "మీ బావనేటీ అనకు. నానే మేపినాను, బెల్లంలో కలిపి. మా బతుకు మేం సూసుకోవాల గదేటి?"

అమ్మ పోయాక నన్ను పెంచింది అప్పే. నాకు జ్వరమొస్తే పక్కన కూచుని గంజి తాగించేది. బావ మోసం చేశాడన్న కోపంతో వెళ్ళినవాణ్ణి, ఆ మాట విన్నాక కోపం కూడా మిగల్లేదు. మంచినీళ్ళయినా ముట్టకుండా తిరిగొచ్చేశాను.

డాక్టరుగారు రోజు విడిచి రోజు మందు ఎక్కించారు. ఎక్కించినప్పుడల్లా గుర్రం దగ్గేది, దాని కాళ్ళు వణికేవి. నేను దాని తల పట్టుకుని నిలబడేవాణ్ణి. కొన్ని వారాలకు రక్తంలో పురుగు కనబడలేదు, గొట్టంలో ఎరుపు పెరిగింది. చలికాలమంతా బండి లాగింది. మళ్ళీ వానలొచ్చేసరికి వెనక కాళ్ళు ఈడ్చడం మొదలుపెట్టింది. ఒకనాడు ఉప్పు మడుల పక్క రోడ్డు మీద కూలబడి ఇక లేవలేదు. ఒంట్లో సూదిమందు చేరని చోట పురుగు దాక్కుని ఉంటుందని డాక్టరుగారన్నారు.

ఆ సంగతి విని అప్ప వచ్చింది. నా భార్య చాప వేసింది. నేను మాత్రం ఆమె ముందుకు వెళ్ళకుండా, రైలు వేళయ్యేదాకా పెరట్లో బండి చక్రాలు కడుగుతూ ఉండిపోయాను. అప్ప ఏడ్చిందని నా భార్య తర్వాత చెప్పింది. ఎందుకు ఏడ్చిందో నేను అడగలేదు.