యాభై మూటల సిద్ధాంతం

మేము కాలేజీలో చదువుకునే రోజుల్లో, ఆర్థికశాస్త్రం తీసుకున్న ప్రతివాని దగ్గరా దేశాన్ని బాగుచేసే ఉపాయం ఒకటి తయారుగా ఉండేది. జేబులో దుడ్లు మాత్రం ఉండేవి కావు. పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్త అది. అనంతపురం హాస్టలు గదిలో నలుగురం కూర్చోని, భూమి శిస్తు ఎంత ఉండల్ల, అమ్మకప్పన్ను ఎవరి మీద వెయ్యల్ల అని తెల్లవార్లూ కాకపోయినా టీ చల్లారేదాకా తేల్చేవాళ్ళం. అట్లా తేల్చి తేల్చి నేనొక పార్టీలో చేరినాను. (పేరు చెప్పను. దాన్ని తిట్టేవాళ్ళు మా ఇంట్లోనే ఉండారు, నాకు అన్నం పెట్టేదీ వాళ్ళే.) మా పార్టీ పన్నుల విధానం చూడముచ్చటగా ఉండేది. పండినవాడు పండినంతకు కట్టల్ల, ఎక్కువ పండినవాడు ఎక్కువ కట్టల్ల, పండనివాడు కట్టనక్కరలేదు. ఆ చిన్న పుస్తకాన్ని నేను ఎన్నిసార్లు చదివినానంటే, నిద్రలో లేపి అడిగినా పేజీ నంబరుతో సహా చెప్పేవాణ్ణి. అడిగినవాడే ఒక్కడూ లేడు.

ఎన్నికల ముందు ఊరికి పోయినాను. కంబదూరు పక్కన వాన దయ మీద బతికే మెట్టచేన్ల ఊరు మాది. ఆ యేడు వాన రెండుసార్లు మొగం చూపించి పోయిందంట. బస్సు దిగినవాణ్ణి దిగినట్టు వాదానికి మనిషి కోసం చూసినానే గానీ, దారిపక్క చేన్ల వైపు చూసిన పాపాన పోలేదు. మనిషి దొరికినాడు, మా మేనమామ. ఆయన అవతలి పార్టీ. మెట్టభూమికి శిస్తనేదే ఉండగూడదు, మొత్తం ఎత్తెయ్యల్ల అనేది వాళ్ళ మాట. అది తప్పని నేనంటే, "మీసం గూడా సరిగా మొలవలేదు, నాకు శిస్తు గురించి చెప్తావా అల్లుడా" అన్నాడు. రోషం వచ్చింది. మరుసటి దినం పొద్దున చావిట్లో పదిమంది ముందర తేల్చుకుందామని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఇక్కడ మా సీమ మర్యాద ఒకటి చెప్పల్ల. ఆ కాలంలో పంటకు రెండు లెక్కలుండేవి. సర్కారు మనిషి అడిగితే ఒకటి, పెండ్లి సంబంధం వాళ్ళు అడిగితే ఇంకొకటి. ఆయనకు కొంచెం తగ్గించి చెప్పేవాళ్ళు, వీళ్ళకు బాగా పెంచి చెప్పేవాళ్ళు. దాన్ని ఎవరూ అబద్ధం అనుకునేవాళ్ళు కాదు. చుట్టాలొస్తే చినిగిన పంచె దాచి మంచి పంచె కట్టుకున్నట్టే. ఏ లెక్క ఎవరికి చెప్పల్లో ఊర్లో పసిపిల్లలకు గూడా తెలుసు. బీయే చదివే నాకు తెలీదు. ఆ సాయంత్రమే విడపనకల్లు దిక్కు నుంచి మా అన్నకు పిల్లనిస్తామని ఒక పెద్దాయన వచ్చినాడు. ఆయనతో మా నాయన, "ఈ యేడు శెనక్కాయలు యాభై మూటలైనాయి బావా" అని చెప్తాంటే గడప కాడ విన్నాను. విని ఊరుకోక పుస్తకం వెనకట్ట మీద రాసుకున్నాను, రేపటి వాదానికి పనికొస్తుందని.

పొద్దునకల్లా చావిడి నిండింది. పంట అంచనా కట్టేదానికి వచ్చిన రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఆడనే కుర్చీలో కూర్చోని కాఫీ తాగుతాన్నాడు. పంటను అప్పుడు అణాల్లో కట్టేవాళ్ళు. నిండు పంటైతే పదహారణాలు, నాలుగణాలకు తగ్గిందని ఆయన రాస్తే ఊరంతటికీ ఆ యేడు శిస్తు మాఫీ. వారం దినాలుగా ఊరు ఊరంతా ఆయన కోసమే కాచుకోని ఉండాది. పిల్ల నాయన గూడా మా నాయన పక్కనే కూర్చున్నాడు, మధ్యాహ్నానికి మాట ఖాయం చేసుకోని పోదామని. "మాట్లాడుకోండప్పా, నేనూ వింటా. కాఫీ అయినాక చేన్లకు పోదాం" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మామ లేచినాడు. "పండినా శిస్తే, ఎండినా శిస్తే. మాఫీ కోసం యేడేడూ ఇట్లా సార్ల మొగం చూస్తా కూర్చోవల్లనా? ఎత్తేస్తే పీడ పోతుంది" అని కూర్చున్నాడు. అందరూ తలలూపినారు. నేను లేచి గొంతు సవరించుకున్నాను. మామ మాట వింటే లాభం బీదవానికి కాదు, బాగా పండినవానికే అన్నాను. "యాడనో ఎందుకు, మా నాయననే తీసుకోండి. కరువు కరువని మీరంతా అంటాండే ఈ యేడే ఆయనకు పదెకరాల్లో యాభై మూటలు అయినాయి. ఆయన ఎందుకు కట్టగూడదు?"

మామ టువాలుతో మొగం కప్పుకున్నాడు. ఓడిపోయినందుకు సిగ్గుపడతాండాడనుకోని, నేను రెండో పాయింటు అందుకోబోయినాను. ఇన్‌స్పెక్టరు గ్లాసు కింద పెట్టి జేబులోంచి పెన్ను తీసినాడు. "ఏమప్పా, యాభై మూటలా? నాలుగణాలు ఎప్పుడో దాటిపాయ కదా" అన్నాడు మా నాయనను చూసి.

నాయన లేచి నిలబడినాడు. ఒక పక్క ఇన్‌స్పెక్టరు, ఒక పక్క పిల్ల నాయన. అవునంటే ఊరంతా శిస్తు కట్టల్ల, కాదంటే సంబంధం చెడిపోతుంది. మా అన్నకు అంతకు ముందే రెండు సంబంధాలు తప్పిపోయినాయి. వాడు స్తంభానికి ఆనుకోని నేల చూస్తాన్నాడు. వాని మొగం చూసినాక గానీ నేనేం చేసినానో నాకు తెలిసిరాలేదు. నా పుస్తకంలో దీనికి పేజీ లేదు.

"లేదు సార్, తొమ్మిది మూటలు. అందులోనూ సగం తాలు" అన్నాడు నాయన. "యాభై అని చెప్పింది నేనే, మా పెద్దోనికి పిల్లనిస్తామని వచ్చిన ఈ బావకు. చిన్నోడు నిజమనుకున్నాడు. వాని తప్పేం లేదు." తర్వాత పిల్ల నాయన వైపు తిరిగినాడు. "నీకు అబద్ధం చెప్పినా బావా. వద్దనుకుంటే పో, నేనేమీ అనుకోను."

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "మా బావిలో రెండాళ్ళ లోతు నీళ్ళుండాయని నేనూ నీకు చెప్పినా కదా బావా. ఆ బావిలోకి ఇప్పుడు మా మేకలు దిగి మేస్తాండాయి" అన్నాడు. మొదట నవ్వింది మామ. తర్వాత చావిడంతా నవ్వింది. ఇన్‌స్పెక్టరు గూడా నవ్వి, పెన్ను మూత పెట్టి, "పదండి, మీ మాటలు నాకెందుకు, చేన్లే చూస్తా" అన్నాడు. ఎండలో ఇంకా పీకని చేను చేనూ తిరిగి మూడణాలని రాసుకున్నాడు. అన్న పెండ్లి ఎండాకాలంలో జరిగింది. మా వదిన చాలా యేండ్లు నాకు వడ్డించేటప్పుడు, "చాలా, ఇంకో మూట వెయ్యల్లనా?" అని అడిగేది.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని రెండు దినాలు ఎదురుచూసినాను. తిరిగి పోయే దినం నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకోని రోడ్డు దాకా వచ్చినాడు. బస్సు దూరంగా కనపడినాక అన్నాడు, "నువ్వు చెప్పింది న్యాయమే రా. పండినోడే కట్టల్ల. నాకూ కట్టల్లనే ఉండాది. ఒక్క యేడన్నా నిజంగా యాభై మూటలు పండి, దండిగా శిస్తు కట్టి, ఆ రసీదు నీకు చూపించల్లని ఉండాది."

ఆయన బతికుండగా అట్లాంటి యేడు రాలేదు. ఆయన ఉండగానే, కొన్నేండ్లకు నాకు ఉద్యోగం వచ్చింది. మొదటిసారి జీతంలో ఆదాయపు పన్ను పట్టుకోని కాగితం ఇచ్చిన దినం ఆఫీసులో అందరూ తిట్టుకుంటాంటే, నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోని ఊరికి బస్సెక్కినాను. "పన్ను కట్టినా నాయనా" అని ఆయన చేతిలో పెట్టినాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకోని, తలకిందులుగా, చాలాసేపు చూసినాడు. అప్పటికి నాకు కొంచెం బుద్ధి వచ్చింది గనక, సరిచెయ్యకుండా పక్కన కూర్చున్నాను.