కార్ల్స్‌రూహే ప్లాట్‌ఫారం మీద నా చిన్న ప్రార్థన

ఒక పెద్దావిడకు సముద్రం దక్కకుండా చేసిన మహానుభావుడి కథ ఇది. ఆ మహానుభావుణ్ణి నేనే. అందుకు నేను వాడిన ఆయుధం, దేవుడు నన్ను క్షమించుగాక, ప్రార్థన.

కొన్నేళ్ళ క్రితం జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో మా తెలుగు సహవాసానికి ప్రార్థనలు నడిపేది నేనే. నేను కళ్ళు మూసుకుంటే టీ చల్లారి, సమోసాలు మెత్తబడి, కితాకి, అంటే ఇక్కడి బాలవాడికి, వెళ్ళే పిల్లలకు మీసాలొస్తాయని వెనక చెప్పుకునేవారట. అది పొగడ్తనుకున్నాను.

ఆ వేసవిలో మా సంఘంలోని ప్రశాంత్ వాళ్ళమ్మ, రత్నమ్మ ఆంటీ, కరీంనగర్ నుంచి వచ్చారు. పారిస్ చూపిస్తామంటే తల అడ్డంగా ఊపారు.

"టవర్లు నాకెందుకు బిడ్డా? యాభై ఏండ్ల సంది బైబిల్ వాక్యంల సముద్రం, సముద్రమని సదువుతున్న. ఒక్కసారి అండ్ల కాళ్ళు పెట్టాలె."

పచ్చడి తెచ్చిన సీసాని కడిగి ఆరబెట్టుకున్నారు కూడా. సముద్రపు నీళ్ళు పట్టుకెళ్ళి సండే స్కూల్ పిల్లలకు చూపించాలట.

"దక్షిణ ఫ్రాన్స్‌కి పోదాం ఆంటీ, నీలం అంటే ఏంటో అక్కడ చూద్దురుగాని!" అని ఊరించింది నేనే. కార్ల్స్‌రూహే నుంచి మార్సేయికి నేరుగా వెళ్ళే రైలు రోజుకొక్కటే. పెంతెకొస్తు సెలవులు, ముగ్గురికి సీట్లు దొరకడమే అద్భుతం. మంగళవారం ఆంటీ తిరుగు విమానం.

శనివారం మేం ప్లాట్‌ఫారం చేరేసరికి రైలుకింకా పది నిమిషాలుంది. "అన్నా, చిన్న ప్రార్థన చేస్కొని ఎక్కుదాం," అన్నాడు ప్రశాంత్.

చిన్న అన్నాడు పాపం. ముగ్గురం చేతులు పట్టుకున్నాం. టికెట్లు నా ఫోన్లో, ఫోన్ నా జేబులో, వాళ్ళ చేతులు నా గుప్పిట్లో. డ్రైవరు కోసం, అతని ఇంటివారి కోసం, పట్టాల కోసం, చక్రాలకున్న ఒక్కొక్క బోల్టు కోసం ప్రార్థించాను. అక్కణ్ణుంచి, ఇశ్రాయేలీయుల కోసం దేవుడు పాయలుగా చీల్చిన ఎర్రసముద్రం దగ్గరికి చేరాను.

అప్పుడు గాలి వీచింది. పెంతెకొస్తు కదా, బైబిల్లోలా గాలితోపాటు ఆత్మ దిగివస్తున్నాడనుకున్నాను. వచ్చింది రైలు.

"ఆమెన్!" అన్నారు ఆంటీ.

ఎంత ఆసక్తి ఈ తల్లికి అనుకుని గొంతు పెంచాను.

"ఆమెన్, ఆమెన్!"

నేనింకా రెచ్చిపోయాను. ప్రశాంత్ చెయ్యి లాక్కోబోతుంటే, ఆత్మ తాకిడికి వణుకుతున్నాడని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

"యేసు నామంల ఆమెన్, బిడ్డా!"

ఇశ్రాయేలీయులందర్నీ అవతలి ఒడ్డుకు చేర్చాకే కళ్ళు తెరిచాను. ప్లాట్‌ఫారం మీద మేం ముగ్గురం, రెండు పావురాలు.

"రైలింకా రాలేదా?"

"అచ్చింది. పోయింది," అన్నాడు ప్రశాంత్.

"మరి చెప్పొచ్చు కదరా!"

"ప్రార్థన మధ్యల ఎట్ల చెప్త అన్నా?"

"నేను మూడుమాట్ల చెప్తిని గద," అన్నారు ఆంటీ. "దేవునికి సమజయింది బిడ్డా. నీకే కాలే."

కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ మా వైపు తిప్పి చూపించింది. మంగళవారం దాకా ఒక్క సీటు లేదు.

మర్నాడు బోడెన్‌సే సరస్సుకి తీసుకెళ్ళాం. ఆంటీ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని నీళ్ళల్లోకి దిగారు. వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు.

"సప్పగుంది," అన్నారు. తలెత్తి ఎదురుగా చూసి, "అవుతలి ఒడ్డు గూడ కనబడుతంది బిడ్డా."

సంచిలోంచి సీసా తియ్యలేదు. ఆమె నన్ను ఒక్క మాటైనా తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది.

మంగళవారం విమానాశ్రయంలో నేను గొంతు సవరించుకోగానే ఆంటీ చెయ్యెత్తారు. "నువ్వాగు. నేను జేస్త. ప్రభువా, ఇంటికి తోల్కపో. ఆమెన్." విమానం క్షేమంగానే చేరింది.

నెల తర్వాత ఫోన్లో ఉండబట్టలేక అడిగాను, "ఆంటీ, ఆ సీసా ఏం చేశారు?"

"ఉప్పు పోసుకున్న బిడ్డా. సముద్రంలకెళ్ళి అచ్చేది గదే గద."

కనుక సంఘమంతటి ఎదుట ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను: రైలెక్కి, కూర్చుని, తలుపులు మూసుకున్నాకే కళ్ళు మూసుకుంటాను. ఎవరైనా మొదటిసారి ఆమెన్ అనగానే, ఎర్రసముద్రం మధ్యలో ఉన్నా సరే, ఇశ్రాయేలీయుల్ని అక్కడే వదిలేసి ఆగిపోతాను.

ఆమెన్.